రాతిని లొంగదీసింది మందా, రంధ్రమా?

ప్రశ్న
(బేతంచెర్ల మాస్టారు)

నేను బేతంచెర్ల దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. మా ఊరి చుట్టూ నాపరాయి క్వారీలే కాబట్టి, తరగతిలోని పిల్లల్లో సగం మంది ఇళ్లలో ఎవరో ఒకరు బండ తీసే పనిలోనో, పాలిష్ ఫ్యాక్టరీలోనో ఉంటారు. మా ఇల్లూ అంతే. మా జేజినాయన ఉలి, సమ్మెట, గడ్డపారలతో బతికాడు. మా నాయన ట్రాక్టరు కంప్రెసరుకు జాక్‌హామర్ తగిలించి క్వారీల్లో పైనున్న పనికిరాని పొరలు తొలగించడానికీ, పల్లెల్లో బావులు దింపడానికీ తూట్లు వేశాడు. మా తమ్ముడు ఇప్పుడు పట్టాల మీద నడిచే కోత యంత్రంతో గజం పలకలను గీత గీసినట్టు కోస్తున్నాడు. మూడు తరాల్లో పనిముట్టు పూర్తిగా మారిపోయింది, రాయి మాత్రం అదే.

పోయిన వారం పదో తరగతిలో బలం, పీడనం పాఠం చెబుతుండగా ఒక పిల్లవాడు లేచి, రాయిని పగలగొట్టడానికి మనిషి కనిపెట్టిన వాటన్నిటిలోకీ గొప్పది ఏదని అడిగాడు. నేను ఆలోచించకుండా డైనమైట్ అని చెప్పేశాను. సాయంత్రం ఇంట్లో ఈ మాట చెబితే మా నాయన నవ్వి, "మందుదేముందిరా, బొక్క పడితే గదా మందు కూరేది! బండ మీద మందు పోసి అంటిస్తే బుస్సుమని పోతుంది, అంతే" అన్నాడు. ఆయన చదువుకున్నది మూడో తరగతి. అయినా ఆ మాట దగ్గర నా చదువు ఆగిపోయింది.

ఈ రంగం తెలిసినవారిని అడుగుతున్నాను. గనుల పనిలో అసలు మలుపు ఎక్కడ వచ్చింది? మందు వల్లనా, దాన్ని పెట్టే రంధ్రం వల్లనా, లేక నాకు తెలియని మరొకదాని వల్లనా? పిల్లలకు చెప్పిన జవాబును సరిదిద్దుకోవాలని ఉంది కనుక కొంచెం వివరంగా రాయగలరు.


జవాబు 1
(కడప నుంచి, భూగర్భశాస్త్ర అధ్యాపకుడు)

మాస్టారూ, మీ నాయనగారి మాటే సరైనదని నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే రాయి స్వభావం నుంచి మొదలుపెట్టాలి.

ఏ రాయినైనా నొక్కితే చాలా బరువును ఓర్చుకుంటుంది. అదే రాయిని రెండు వైపులకూ లాగితే, నొక్కుడుకు ఓర్చుకొన్న దానిలో పదో వంతు దగ్గరే విరిగిపోతుంది, కొన్ని రాళ్లు అంతకు ముందే విరుగుతాయి. సమ్మెటతో బండ నడినెత్తిన బాదేవాడు రాయికి బలమున్న చోట దానితో పోట్లాడుతున్నాడు. వరుసగా చిన్న గుంటలు తొలిచి, వాటిలో ఇనుప చీలలు దింపి, ఒక్కొక్క దానిమీద ఒక్కొక్క దెబ్బ వేసుకుంటూ పోయేవాడు రాయిని లోపలి నుంచి రెండు పక్కలకూ నెడుతున్నాడు, అంటే దాని బలహీనతను పట్టుకున్నాడు. మీ జేజినాయనగారు చేసిన పని ఇదే అయి ఉంటుంది. పైగా మీ నాపరాయి సముద్రపు అడుగున పొరలు పొరలుగా పేరుకున్న సున్నపురాయి కాబట్టి, అడుగువైపు పొర సందులో గడ్డపార దూరిస్తే పలక తనంతట తానే లేస్తుంది. సగం పని ప్రకృతి ముందే చేసి పెట్టింది.

నిప్పు కూడా ఇలాంటి ఉపాయమే. బండ మీద కట్టెలు పేర్చి కాల్చి నీళ్లు చల్లే పద్ధతి చాలా పాతది. మన సరిహద్దుకు అవతల, రాయచూరు జిల్లాలోని హట్టి బంగారు గనుల్లో ప్రాచీనులు ఈ పద్ధతితోనే వందల అడుగుల లోతుకు దిగారు. 1556లో వెలువడిన, జర్మన్ పండితుడు అగ్రికోలా రాసిన గనుల గ్రంథంలో కూడా దీని వర్ణన ఉంది. అయితే ఇది అన్ని రాళ్ల దగ్గరా ఒకేలా పనిచేయదు. అనంతపురం గ్రానైటులో స్ఫటికం (క్వార్ట్జ్ అనే ఖనిజం) ఎక్కువ. ఆ స్ఫటికం 573 డిగ్రీల సెల్సియస్ దగ్గర తన అమరికను మార్చుకొని ఒక్కసారిగా ఉబ్బుతుంది, దానితో పక్కనున్న ఖనిజాలు చిట్లి బండ పెచ్చులుగా లేస్తుంది. మీ సున్నపురాయిని అదే విధంగా కాలిస్తే పెచ్చు లేవడం అటుంచి, వేడి ఇంకా పెరిగితే చివరికి అది సున్నమవుతుంది.

ఇక మందు సంగతి. ఐరోపాలో తుపాకులు, ఫిరంగులు వచ్చి మూడు వందల ఏళ్లు గడిచేదాకా గనిలో మందు వాడిన దాఖలా లేదు. నమోదైన మొదటి పేలుడు 1627 ఫిబ్రవరి 8న, ఇప్పటి స్లొవేకియాలోని బాన్‌స్కా స్టియావ్నిట్సా గనిలో, కాస్పర్ వైండల్ అనే ఆయన చేతుల మీదుగా జరిగింది. మందు తెలిసీ ఇంతకాలం ఎందుకు ఆగారు? అందుకు ఒక ముఖ్య కారణం మీ నాయనగారు చెప్పినదే. మందు కాలినప్పుడు పుట్టే వాయువు మూసి ఉన్న చోటే రాయిని నెట్టగలదు. రాతి కడుపులోకి సన్నగా, లోతుగా రంధ్రం దింపి, మందు కూరి, మూతిని మట్టితో గట్టిగా దట్టించడం నేర్చుకున్నాకే అది గనికి పనికివచ్చింది. ఆ తరువాత కూడా దాదాపు రెండు వందల ఏళ్లకు పైగా రంధ్రం చేతితోనే పడింది. ఒకరు ఉలిని పట్టుకొని ప్రతి దెబ్బకూ కాస్త తిప్పుతూ ఉంటే, మరొకరో ఇద్దరో సమ్మెటతో కొట్టేవారు. పొడవాటి గరిటెతో పొడిని తోడి, మళ్లీ కొట్టేవారు. పేలుడుకు పట్టేది క్షణం, దాని ముందు పనికి పట్టేది పూటంతా.

యంత్రం రావడానికి ఒక కొండ కారణమైంది. ఫ్రాన్స్, ఇటలీల మధ్య ఆల్ప్స్ కింద సుమారు 13 కిలోమీటర్ల రైలు సొరంగాన్ని 1857లో మొదలుపెట్టినప్పుడు, పైన వెయ్యి మీటర్లకు మించిన కొండ ఉండటంతో మధ్యలో నిలువు బావులు దింపి ఒకేసారి తవ్వే చోట్లను పెంచుకొనే వీలు లేదు, రెండు చివరల నుంచి తవ్వుకొని రావలసిందే. అమెరికాలో జె.జె. కౌచ్ 1849 నాటికే ఆవిరితో నడిచే రాతి డ్రిల్లును తయారుచేశాడు గానీ, ఆవిరి యంత్రపు పొగ సొరంగంలో మనుషులను బతకనివ్వదు. అప్పుడు జెర్మెన్ సొమెయే అనే ఇంజినీరు సంపీడన గాలితో నడిచే డ్రిల్లులను 1861 నుంచి లోపలికి దించాడు. గాలిని బయట కొండవాగుల నీటి బలంతో నొక్కి గొట్టాల ద్వారా పంపేవారు, యంత్రం వదిలిన గాలే లోపలివారికి ఊపిరి అయ్యేది. 1870 డిసెంబరులో రెండు వైపుల పనివారూ కలుసుకున్నారు. మరుసటి సెప్టెంబరులో సొరంగం తెరిచేనాటికి సొమెయే లేడు, జూలైలోనే చనిపోయాడు. మీ నాయనగారి ట్రాక్టరు కంప్రెసరు ఆ యంత్రపు వంశంలోదే.

అయినా ఒక చిక్కు మిగిలింది. ఎంత బలంగా కొట్టినా ఉక్కు మొన త్వరగా మొద్దుబారుతుంది, అందుకే ప్రతి గనికీ ఒక కొలిమి, ఉలులు మోసుకొని తిరిగే కుర్రవాళ్లు తప్పనిసరిగా ఉండేవారు. దీన్ని మార్చింది గనుల వాళ్లు కాదు, విద్యుత్ బల్బుల వాళ్లు. టంగ్‌స్టన్ తీగను సన్నగా లాగడానికి గట్టి అచ్చు కావలసి, ఓస్రామ్ సంస్థలో కార్ల్ ష్రోటర్ 1923లో టంగ్‌స్టన్ కార్బైడ్ పొడిని కోబాల్టుతో అంటించి ఒక పదార్థం చేశాడు. క్రుప్ సంస్థ దాన్ని 'విడియా' అన్న పేరుతో అమ్మింది, జర్మన్ భాషలో దానికి వజ్రంలాంటిదని అర్థం. రెండో ప్రపంచయుద్ధం తరువాత ఆ కార్బైడ్ తునక డ్రిల్లు మొనకు ఎక్కింది, గనిలో కొలిమి పని చాలావరకు తగ్గిపోయింది. అనంతపురం జిల్లాలో బోరు వేసే బండి గొట్టం చివరనున్న సుత్తి ముఖం మీద గోళీల్లా మెరిసే బొడిపెలను ఎప్పుడైనా చూసి ఉంటే, అవి ఇవే. ఆ బోరు సుత్తి కూడా తెలివైన ఉపాయమే. పైనుంచి కొడితే దెబ్బ బలం కడ్డీల అతుకుల దగ్గర కొంత కొంతగా హరించుకుపోతుంది కాబట్టి, కొట్టే సుత్తినే రంధ్రం అడుగుకు పంపారు.

రంధ్రమూ మందూ రెండూ వద్దనుకున్న దారి కూడా ఒకటి ఉంది. కెనడాలోని టొరంటో మురుగు సొరంగంలో జేమ్స్ రాబిన్స్ 1956లో వాడిన యంత్రానికి ముఖమంతా ఉక్కు చక్రాలే. అవి రాతిని నొక్కుతూ దొర్లితే, పక్కపక్క గాళ్ల మధ్యనున్న రాయి పెచ్చులుగా ఊడిపడుతుంది. నల్లమల కింద వెలిగొండ సొరంగాల్లో పనిచేసిన టీబీఎంలు, అంటే సొరంగం తొలిచే యంత్రాలు, ఆ కోవకు చెందినవే. చూడండి, అక్కడ కూడా నొక్కి పిండి చేయడం కొంతే, పక్కకు చీల్చడమే ఎక్కువ.


జవాబు 2
(మంగంపేట వైపు నుంచి, రిటైర్డ్ బ్లాస్టింగ్ ఫోర్‌మన్)

అధ్యాపకులు రాసినది చదివాను, చాలా సంగతులు తెలుసుకున్నాను. అయితే రంధ్రమే అంతా అన్న మాటను ముప్పై ఏళ్లు మందు కూరినవాడిగా నేను పూర్తిగా ఒప్పుకోలేను. రంధ్రం వేసినవాడు సాయంత్రం ఇంటికి చేరాలి కదా. అతన్ని ఇంటికి చేర్చిన వస్తువులు రెండు. ఒకటి ఒత్తి, రెండోది డిటోనేటరు.

పూర్వం తుపాకి మందుకు నిప్పు అందించడానికి గడ్డిపోచలో గానీ, పక్షి ఈక కాడలో గానీ మందు నింపి పెట్టేవారు. అది ఒకసారి నిదానంగా కాలేది, ఒకసారి అంటించినవాడు వెనక్కి తిరిగే లోపే పేలేది. ఇంగ్లండులోని కార్న్‌వాల్ తగరపు, రాగి గనుల్లో ఇలా చేతులూ కళ్లూ పోగొట్టుకున్న వారిని చూసి, విలియం బిక్‌ఫర్డ్ అనే తోలు వ్యాపారి తాళ్లు పేనే పద్ధతిని మందుకు అన్వయించాడు. మధ్యలో సన్నని ధారగా మందు పడుతూ ఉండగా చుట్టూ నూలు పేని, పైన నీరు దిగకుండా పూత పూశాడు. 1831లో ఆయన పేటెంటు తీసుకున్న ఆ ఒత్తి అడుగుకు సుమారు 30 సెకన్ల లెక్కన కాలేది. ఆయన గని కార్మికుడూ కాదు, రసాయనం చదివినవాడూ కాదు. నా దృష్టిలో రాతిపనిలో అంతకన్నా పుణ్యమైన వస్తువు మరొకటి లేదు.

నోబెల్ గురించి అందరూ డైనమైట్ అంటారు, మాస్టారు కూడా అదే అన్నారు. 1847లో ఇటలీ రసాయన శాస్త్రవేత్త సొబ్రేరో కనుగొన్న నైట్రోగ్లిసరిన్ అనే పేలుడు ద్రవం బలం అందరికీ తెలుసు, దాన్ని చెప్పినప్పుడు చెప్పిన చోట పేల్చడమే ఎవరికీ చేతకాలేదు. నిప్పు పెడితే ఒక్కోసారి ఊరికే కాలిపోయేది, ముట్టుకుంటే ఒక్కోసారి పేలేది. 1864లో స్టాక్‌హోమ్‌లో జరిగిన పేలుడులో నోబెల్ తమ్ముడే చనిపోయాడు. పెద్ద మందును నిప్పుతో కాక, చిన్న పేలుడు దెబ్బతో లేపాలని గ్రహించి నోబెల్ చేసిన గొట్టమే డిటోనేటరు. 1867లో ఆ ద్రవాన్ని ఒక రకపు మెత్తని మట్టికి పట్టించి డైనమైట్ చేయడం దాని తరువాతి మెట్టు. మట్టి దొరకకపోతే ఇంకొకటి దొరికేది, డిటోనేటరు ఆలోచన లేకపోతే ఈనాటి బలమైన మందుల్లో ఏదీ లేదు. ఇప్పుడు పెద్ద గనుల్లో ఎక్కువగా వాడే అమ్మోనియం నైట్రేట్ ఎరువు, డీజిల్ మిశ్రమమైతే డిటోనేటరు ఒక్కదానికి కూడా సరిగా లేవదు, దానికి మధ్యలో దెబ్బను పెంచే ఒక బూస్టరు కావాలి. ఆ ఎరువుకు అంత శక్తి ఉందని లోకానికి భయంకరంగా తెలిసింది 1947 ఏప్రిల్ 16న, టెక్సస్ సిటీ రేవులో ఎరువు నింపిన ఓడ పేలి ఐదు వందల మందికి పైగా చనిపోయిన రోజున. 1950లలో గనులు దాన్ని అదుపులో పెట్టి వాడటం నేర్చాయి. చవక, మోయడానికి భయం తక్కువ. తడి రంధ్రంలో మాత్రం పనికిరాదు, నీళ్లకు కరిగిపోతుంది. పేలాక నారింజ రంగు పొగ లేచిందంటే మందు తడిసిందనో, డీజిల్ చాలలేదనో మాకు అర్థమయ్యేది, ఆ పొగ దగ్గరికి ఎవరినీ పోనిచ్చేవాళ్లం కాదు.

నా కళ్లతో చూసిన ఒక సంగతి చెబుతాను, ఊరు, క్వారీ పేరు అడగకండి. వరుస పేల్చిన మరునాడు ఒక కుర్రవాడు జాక్‌హామర్ పట్టుకొని, పాత రంధ్రం అడుగు ఇంకా జానెడు మిగిలి ఉండటం చూసి, సగం పని అయిపోయింది కదా అని దానిలోనే ఉలి పెట్టాడు. ఆ అడుగున పేలని మందు ఉంది. నేను అరిచిన అరుపు కంప్రెసరు మోతలో వాడికి వినబడలేదు. కాలు పోయింది, ప్రాణం దక్కింది. పాత రంధ్రం మిగిలిన అడుగులో మళ్లీ డ్రిల్లు పెట్టకూడదని నియమాల్లో రాసి ఉంది, అంతకు ముందు రోజు తూట్లు లెక్కపెట్టవలసినవాడు లెక్కపెట్టలేదు. ఎన్ని రంధ్రాలు నింపామో అన్ని పేలుళ్లు వినబడాలి. అయితే అన్నీ కొద్ది మిల్లీసెకన్ల తేడాతో వరుసగా పేలే డిలే డిటోనేటర్లు వచ్చాక చెవితో లెక్కపెట్టడం కుదరదు, పేల్చిన రాతి దగ్గరికి పోయి కళ్లతో చూసుకోవాలి. ఆ డిలే వల్ల ముందు వరుస జరిగి వెనుక వరుసకు చోటిస్తుంది, ఊళ్లో గోడలు తక్కువ అదురుతాయి, రాయి సమంగా ముక్కలవుతుంది. నిప్పురవ్వకూ, మెరుపుకూ భయపడే కరెంటు తీగల బదులు లోపల పలుచగా మందు పూసిన ప్లాస్టిక్ గొట్టాలు వచ్చాయి. కరెంటు డిటోనేటర్లను 2025 ఏప్రిల్ నుంచి కేంద్రం నిషేధించింది కూడా.

మా మంగంపేట ముగ్గురాయి, అంటే బెరైటీస్, గురించి ఒక ముక్క. బెరైటీస్ చూడటానికి బూడిద రంగు మామూలు రాయి, ఎత్తితే మాత్రం చెయ్యి జారుతుంది, నీటికన్నా నాలుగు రెట్లకు మించిన బరువు. మేము డ్రిల్లు వేసి, మందు పెట్టి తీసిన ఆ రాయి పిండిగా మారి చమురు బావుల డ్రిల్లింగు బురదలో కలుస్తుంది, లోపలి నుంచి చమురూ గ్యాసూ ఎగదన్నకుండా ఆ బరువు పట్టి ఉంచుతుంది. ఒకచోట రంధ్రాలు వేసి తీసినది ఇంకోచోట రంధ్రం వేయడానికే పోతోందని మేము నవ్వుకొనేవాళ్లం.


జవాబు 3
(తాడిపత్రి నుంచి, గ్రానైట్ క్వారీ మేనేజరు)

పైన ఇద్దరు పెద్దలూ రాతిని పగలగొట్టడం గురించి రాశారు. మాలాంటి వాళ్లకు పగిలితే నష్టం. కంకర కావాలంటే ఎంత చితికితే అంత మంచిది, ఆ పనికి ఎలై విట్నీ బ్లేక్ 1858లో పేటెంటు తీసుకున్న దవడల క్రషరు ఉంది. ఈనాటికీ మన రోడ్ల పక్కన తిరిగే కంకర మిషన్లలో మొదటి రాయి పడేది అలాంటి దవడల మధ్యనే. పది టన్నుల గ్రానైటు దిమ్మె విదేశానికి పోవాలంటే దానిలో వెంట్రుకవాసి పగులు కూడా ఉండకూడదు. మందు పెట్టిన దిమ్మె పైకి బాగానే కనిపించి, ఫ్యాక్టరీలో గ్యాంగ్ సా (వరుస రంపాల యంత్రం) కింద పలకలుగా కోసేటప్పుడు విడిపోతుంది. అప్పటికి మైనింగు ఖర్చు, రవాణా, కోత కూలి, అన్నీ పోయినట్టే.

అందుకే మా పని కోత వైపు నడిచింది. ఇటలీలోని కరారా పాలరాతి క్వారీల్లో 19వ శతాబ్దం చివర పేనిన ఉక్కు తీగను ఇసుక, నీళ్లతో కలిపి తిప్పి రాయిని కోసేవారు. అక్కడ కోసేది తీగ కాదు, ఇసుక. 1970ల చివరకు ఆ తీగకు వజ్రపు పొడి అద్దిన పూసలు గుచ్చారు. మేము ఒక దిమ్మెను విడదీయాలంటే పైనుంచి ఒక రంధ్రం, పక్కనుంచి ఒక రంధ్రం లోపల కలిసేలా వేసి, తీగను దారంలా ఎక్కించి, రెండు కొసలూ అతికి, యంత్రానికి తగిలిస్తాము. యంత్రం పట్టాల మీద వెనక్కి జరుగుతూ తీగను బిగిస్తుంది, నీళ్లు పడుతూ ఉంటాయి. మాస్టారి నాయనగారి మాట ఇక్కడా నిలుస్తుంది, ఆ రెండు రంధ్రాలు చెయ్యెడంత ఎడంగా పోయి లోపల కలవకపోతే ఆ పూట పని పోయినట్టే. పూసలు ఒకవైపే అరగకుండా తీగను అతికే ముందు మెలిపెట్టాలి. అది మరిచిపోయిన కొత్త కుర్రవాళ్లు నెలకు రెండు తీగలు పాడుచేస్తారు. తెగిన తీగ పూస తుపాకి గుండులా వస్తుంది కాబట్టి ఎదురుగా ఎవరూ నిలబడరాదు.

తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు పొలాల్లో జనం కళ్లు నేలకు అతికించి వజ్రాలు వెతుకుతారు. ఆ సీమలోనే రాయిని కోస్తున్న మా పూసల్లో ఉన్నవి నేలలో పుట్టిన వజ్రాలు కావు. 1954 డిసెంబరులో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో కృత్రిమంగా చేసిన వజ్రాల సంతతి అవి. అంతకు ముందు 1860లలో లెషో అనే ఆయన డ్రిల్లు గొట్టం అంచున నల్ల వజ్రాలు పొదిగి రాతి కడ్డీని చెక్కుచెదరకుండా బయటికి తీసే పద్ధతి చూపాడు. ఇప్పుడు యురేనియం నుంచి సిమెంటు సున్నపురాయి దాకా ఏ నిక్షేపాన్ని అంచనా వేయాలన్నా అలాంటి కడ్డీలే తీస్తారు.

ఊళ్లకు దగ్గరగా, మందుకు అనుమతి రాని చోట మేము ఉబ్బే పొడి వాడతాము. సున్నం ప్రధానంగా ఉండే ఆ పొడిని నీళ్లతో కలిపి రంధ్రాల్లో పోస్తే, చప్పుడు లేకుండా కొన్ని గంటల్లో చదరపు సెంటీమీటరుకు 300 కిలోలకు పైగా ఒత్తిడితో ఉబ్బి బండను చీలుస్తుంది. పూర్వులు ఎండిన కొయ్య చీలలు దింపి తడిపి ఉబ్బించిన ఉపాయమే ఇది. మన ఎండాకాలంలో మాత్రం జాగ్రత్త, మధ్యాహ్నం వేడెక్కిన రాతిలో పోస్తే బిరుసెక్కి రంధ్రంలోంచి పైకి చిమ్ముతుంది, కళ్లలో పడితే చూపు పోతుంది. మేము పొద్దు వాలాకే పోస్తాము, పోసినచోట తొంగిచూడటం మా దగ్గర నిషేధం.


జవాబు 4
(అనంతపురం నుంచి, స్టాఫ్ నర్సు)

ఇందరు ఇన్ని చెప్పారు గానీ రాతిని తొలిచినప్పుడు రాయి ఎక్కడికి పోతుందో ఎవరూ రాయలేదు. కొంత మనిషి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మా నాయన ఇరవై రెండేళ్లు బావుల్లో జాక్‌హామర్ పట్టాడు. బావి అడుగున గాలి ఆడని చోట, గ్రానైటు బండలో, పొడి డ్రిల్లింగు. సాయంత్రం పైకి వస్తే కనురెప్పలు కూడా తెల్లగా ఉండేవి. నలభై దాటాక ఆయాసం, దగ్గు మొదలయ్యాయి. చూపించిన చోటల్లా క్షయ అన్నారు, మందులు వాడించారు, తగ్గలేదు. ఏం పని చేసేవాడివని అడిగిన మొదటి డాక్టరు చాలా ఏళ్లకు దొరికాడు. అది సిలికోసిస్. కంటికి కనిపించే దుమ్ము ముక్కులోనో గొంతులోనో ఆగుతుంది, మైక్రాన్లలో కొలిచే సన్నని స్ఫటికపు ధూళి లోపలికంటా పోయి కూర్చుంటుంది, ఊపిరితిత్తి దాని చుట్టూ మచ్చకట్టి గట్టిపడుతుంది. ఆ మచ్చను కరిగించే మందు లేదు. క్షయ కూడా ఇలాంటి వారికి తేలిగ్గా అంటుకుంటుంది, అందుకే రెండూ కలగలిసి పోతాయి.

దీనికి విరుగుడు కనిపెట్టి నూరేళ్లు దాటింది. అమెరికాలోని డెన్వర్‌లో జార్జ్ లేనర్ అనే ఆయన 1890ల చివర డ్రిల్లు ఉలిని బోలుగా చేసి, దాని గుండా గాలి పంపి రాతిపొడిని బయటికి ఊదే యంత్రాన్ని తెచ్చాడు. రంధ్రం వేగంగా పడింది, దుమ్ము మాత్రం పట్టినవాడి ముఖం మీదికి వచ్చింది, కార్మికులు ఆ యంత్రాన్ని ముట్టుకోబోమన్నారు. ఆయన అదే బోలు ఉలిలోంచి నీళ్లు పంపాడు. దుమ్ము బురదగా మారి కిందికి కారింది. ఆ కాలపు పొడి డ్రిల్లులకు కార్మికులు పెట్టుకున్న పేరు ఆడవాళ్ల తాళి తెంచే యంత్రమన్న అర్థం వచ్చేది.

మా నాయనను పనిలో పెట్టుకున్న కాంట్రాక్టరుకు నీళ్ల డ్రిల్లింగు సంగతి తెలియదని నేననుకోను. తాగడానికే నీళ్లు లేని చోట డ్రిల్లుకు ఎక్కడి నుంచి తెచ్చేదని అనేవాడట. మాస్టారూ, గొప్పది ఏదని పిల్లలు మళ్లీ అడిగితే ఆ బోలు ఉలిని కూడా చూపించండి.


ప్రశ్న అడిగినవారి తిరుగు జవాబు
(బేతంచెర్ల మాస్టారు)

అందరికీ నమస్కారాలు. మీరు రాసినవన్నీ ఆదివారం మా నాయనకు చదివి వినిపించాను. ఫోర్‌మన్ గారు చెప్పిన పాత రంధ్రం సంగతి దగ్గర ఆయన తల పంకించి, తాను కూడా అలాంటిది ఒకటి చూశానని మాత్రం అన్నాడు, వివరం చెప్పలేదు. తీగకు మెలిపెట్టడం గురించి మా తమ్ముడు మేనేజరు గారిని మళ్లీ అడగాలనుకుంటున్నాడు, మీటరుకు ఎన్ని మెలికలో తెలిస్తే రాయగలరు.

సోమవారం ఆయన్ను బడికి పిలుచుకుపోయాను. ఇంట్లో మిగిలిన మా జేజినాయన ఉలి, నాలుగు కిలోల సమ్మెట తీసుకొచ్చాడు. బడి వెనుక పడి ఉన్న నాపబండ మీద కూర్చొని, దెబ్బ దెబ్బకూ ఉలిని ఎందుకు తిప్పుతారో పిల్లలకు చూపించాడు. తిప్పకపోతే మొన అదే గాడిలో దిగి బిగుసుకుపోతుంది, తిప్పితే రెండు గాళ్ల మధ్యనున్న రాయి పెచ్చుగా లేస్తుంది. టొరంటో సొరంగంలో చక్రాలు చేసిన పని కూడా అదేనని నాకు అప్పుడు తట్టింది. పిల్లలు దెబ్బలు లెక్కపెట్టారు. అంగుళం లోతుకు 214 పట్టాయి. వయసులో ఉన్నప్పుడైతే అందులో సగంతో దించేవాడినని ఆయన అన్నాడు.

నర్సమ్మ గారికి ఒక మాట చెప్పాలి. మొదలుపెట్టే ముందు మా నాయన గుంటలో చెంబుతో కొంచెం నీళ్లు పోసి, చిల్లకుండా ఉలి చుట్టూ తడిగుడ్డ పేలిక ఒకటి చుట్టాడు. దుమ్ము లేవకుండానా అని అడిగాను. "కాదప్పా, నీళ్లుంటే పొడి అడుగున గడ్డకట్టదు, ఉలి బాగా దిగుతుంది. మా నాయన అట్లనే చేస్తుండె" అన్నాడు. మరి జాక్‌హామర్ పట్టినప్పుడు నీళ్లు ఎందుకు పోయలేదని ఒక అమ్మాయి అడిగింది. యంత్రమే పొడిని ఊదేస్తుంటే ఇక నీళ్ల అవసరం ఎవరికీ గుర్తుకు రాలేదట. ఆయనకు ఈ మధ్య మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. ఈ గురువారం ఛాతీ ఎక్స్‌రేకు కర్నూలు తీసుకుపోతున్నాను.